షూటింగ్ గార్డ్ ప్లేమేకింగ్‌ను అసిస్ట్‌లతో కొలవొచ్చా?

బాస్కెట్‌బాల్‌లో తోటి ఆటగాడు బుట్టలో వేసిన బంతికి దారితీసిన పాస్‌ను అసిస్ట్ అంటారు; తోటివాళ్ళకు షాట్ అవకాశాలు సృష్టించడం ప్లేమేకింగ్. అసిస్ట్‌లు ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు. నేను పడ్డాను.

ఇంజనీరింగ్ రెండో ఏడాది మోకాలికి దెబ్బ తగిలి, ఆడలేక మా కాలేజీ టీమ్‌కు స్కోర్‌షీట్ రాసేవాణ్ణి. మా షూటింగ్ గార్డ్‌కు (ముఖ్యంగా షాట్లు వేయాల్సిన గార్డ్) మ్యాచ్‌కు ఒకటో రెండో అసిస్ట్‌లు వచ్చేవి. "వీడు బంతి ఎవరికీ ఇవ్వడు" అని సీనియర్ల ముందు అనేశాను. తర్వాతి టోర్నమెంట్‌లో షీట్ పక్కన ఇంకో గడి గీసుకున్నాను. అతని పాస్ అందుకున్నవాడు వెంటనే షాట్ వేస్తే, బంతి పడినా పడకపోయినా ఒక టిక్కు. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి ఆట నడిపించే మా పాయింట్ గార్డ్ కంటే అతనికే టిక్కులు ఎక్కువ! రింగ్ కింద ఖాళీగా ఉన్నవాడికి బంతి చక్కగా అందుతోంది, వాడే వేయలేకపోతున్నాడు. అతని దగ్గరికి వెళ్ళి సారీ చెప్పాను.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఇలాంటి లెక్కనే పొటెన్షియల్ అసిస్ట్‌లు అంటారు. 2013-14లో అన్ని అరీనాల్లో ట్రాకింగ్ కెమెరాలు వచ్చాక ఇది అందరికీ దొరుకుతోంది. నేనైతే ముందు ఇదే చూస్తాను.

తర్వాత చూడాల్సింది ఆడిన నిమిషాలు. ఇద్దరు ఎన్‌బీఏ షూటింగ్ గార్డ్‌లను తీసుకోండి. కోబీ బ్రయంట్ కెరీర్ సగటు మ్యాచ్‌కు 4.7 అసిస్ట్‌లు, మను జినోబిలీది 3.8. చూడగానే కోబీయే మేలనిపిస్తుంది. కానీ కోబీ సగటున 36 నిమిషాలు ఆడాడు, మను 25 మాత్రమే. 36 నిమిషాలకు లెక్కకడితే మను 5.4 దాకా వస్తాడు, కోబీ 4.7 దగ్గరే ఉంటాడు. అలాగని కోబీని తీసిపారేయలేం. అతని కోచ్ ఫిల్ జాక్సన్ ట్రయాంగిల్ పద్ధతిలో బంతి చాలా చేతులు మారుతుంది, అసిస్ట్‌లు కూడా అందరికీ పంచుకుపోతాయి. మను చాలా ఏళ్ళు బెంచీ నుంచి వచ్చి, రెండో యూనిట్‌లో తానే బంతి పట్టుకుని ఆట నడిపాడు.

అందుకే బంతి ఎవరి చేతిలో ఎంతసేపు ఉందన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. షూటింగ్ గార్డ్‌గా ఆడిన జేమ్స్ హార్డెన్‌నే చూడండి. 2015-16లో సగటు 7.5 అసిస్ట్‌లు. మరుసటి ఏడాది కోచ్ మైక్ డాంటోనీ అతన్ని పాయింట్ గార్డ్‌ను చేస్తే 11.2కు పెరిగి లీగ్‌లోనే మొదటి స్థానం. ఒక్క వేసవిలో అతనికి కొత్తగా పాస్‌లు వేయడం వచ్చేసిందా? పాత్ర మారింది, అంతే. అదే సీజన్‌లో 464 టర్నోవర్లతో (బంతి ప్రత్యర్థికి పోగొట్టుకోవడం) రికార్డు కూడా అతనిదే, దాని మీద చాలా తిట్లు పడ్డాయి. కానీ భాగించి చూడండి: ఒక్కో టర్నోవర్‌కు అసిస్ట్‌లు ముందటేడు 1.6 ఉంటే, ఆ ఏడాది దాదాపు 2. బంతి ఎక్కువసేపు చేతిలో ఉంది కాబట్టి తప్పులు పెరిగాయి, ఆటతీరు మాత్రం మెరుగైంది.

మరో షూటింగ్ గార్డ్ క్లే థాంప్సన్‌ది పూర్తిగా వేరే కథ. 2016 డిసెంబర్‌లో ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు కొట్టాడు, బంతిని నేలకు కొట్టింది (డ్రిబుల్) మాత్రం మొత్తం 11 సార్లే. అతను పరిగెడుతుంటే డిఫెండర్లు వెంటపడతారు, మిగతావాళ్ళకు దారి దొరుకుతుంది. టీమ్‌కు అది ఎంతో విలువైనదే, అయినా నేను దాన్ని ప్లేమేకింగ్ అనను. పాస్ ఎప్పుడు వేయాలో, ఎవరికి వేయాలో తేల్చుకోవడం వేరే విద్య. క్లేను దాంతో కొలవడం నాకు న్యాయంగా అనిపించదు, ఎందుకంటే ఆ పని అతన్ని ఎవరూ అడగలేదు.