కరెంటు వచ్చాక చెరువు మీటర్ల రీడింగులు ఎందుకు అందవు?

ప్రశ్న: మేము కొందరు రైతులం కలిసి రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్లు 40 పెట్టించుకున్నాము. అవి పది నిమిషాలకొకసారి రేడియో ద్వారా ఒకే రిసీవరుకు రీడింగు పంపుతాయి. కరెంటు పోయి వచ్చిన తరువాత మాత్రం దగ్గరి చెరువులవే అందుతున్నాయి, దూరపువి రావడం లేదు. సిగ్నల్ బలం పెంచితే సరిపోతుందా?
– ఒక ఆక్వా రైతు, ఆకివీడు

జవాబు: సరిపోదండి. కరెంటు రాగానే మీ మీటర్లన్నీ ఒక్కసారే మొదలై, అక్కడి నుంచి పది నిమిషాలు లెక్కపెట్టుకొని, మళ్లీ ఒక్కసారే పంపుతున్నట్టుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు ప్యాకెట్లు (రేడియో సందేశాలు) కలిసి వస్తే రిసీవరు సాధారణంగా దేనినీ చదవలేదు. ఒకటి మిగతావాటికంటే బాగా బలంగా ఉంటే అది మాత్రం దక్కవచ్చు. దగ్గరి చెరువుల రీడింగులు అందుతున్నాయంటే కారణం బహుశా ఇదే. అన్నింటి బలమూ పెంచితే ఢీకొనడం తగ్గదు.

చేయవలసింది వాటి జట్టు విడదీయడం. ఒక్కో సందేశానికి సెకనులో పదో వంతు పడుతుందనుకుంటే, 40 మీటర్లూ కలిసి 600 సెకన్లలో వాడేది 4 సెకన్లే. ప్రతి మీటరూ ఆ పది నిమిషాల్లో ఏదో ఒక క్షణాన్ని ప్రతిసారీ కొత్తగా, యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, ఒక రీడింగు మరొకదానితో ఢీకొనే అవకాశం నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే. రిసీవరు నుంచి అందినట్టు జవాబు రాకపోతే మరికొంత యాదృచ్ఛిక విరామం తరువాత మళ్లీ పంపాలి. ఆ విరామం యాదృచ్ఛికంగా ఉండడం ముఖ్యం, ఎందుకంటే ఢీకొన్న రెండూ సమానంగా ఆగితే మళ్లీ ఢీకొంటాయి.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపినప్పుడు నడిపిన పద్ధతి ఇదే. అందులో ఛానల్, అంటే అందరూ పంచుకునే ఆ ఫ్రీక్వెన్సీ, కాలంలో గరిష్ఠంగా 18 శాతమే ఢీకొనకుండా చేరే సందేశాలకు ఫలిస్తుంది. కాలాన్ని గళ్లుగా విభజించి, గడి మొదట్లోనే పంపాలని నియమం పెడితే అది 37 శాతానికి చేరుతుంది. మీ వాడకం ఒక శాతం లోపే కనుక మొదటి పద్ధతే చాలు. మీటర్లు వందలకు పెరిగితే మాత్రం, దాళ్వా (రబీ వరి) పంటలో నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతులు వేసినట్టు, ఒక్కో మీటరుకూ సొంత సమయం కేటాయించడం మేలు. అయితే వాటి గడియారాలను రిసీవరు తరచుగా సరిచేస్తూ ఉండాలి.

వైఫై పరికరాలు ముందుగా ఛానల్ ఖాళీగా ఉందో లేదో విని పంపుతాయి, అది మంచి పద్ధతే. కానీ రిసీవరుకు చెరొక వైపున దూరంగా ఉన్న రెండు చెరువుల మీటర్లకు ఒకదాని సిగ్నల్ మరొకదానికి అందకపోవచ్చు. అప్పుడు రెండూ ఖాళీ అనుకొని ఒకేసారి పంపి రిసీవరు దగ్గర ఢీకొంటాయి. అందువల్ల వినడం ఒక్కదానినే నమ్ముకోవద్దు.

మీటర్లు అమర్చిన వారిని అడిగి, ఆన్ అయిన వెంటనే కాక యాదృచ్ఛిక ఆలస్యంతో మొదలయ్యేలా ప్రోగ్రాం మార్పించండి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ రీడింగు తప్పితే నష్టం మీకు తెలిసిందే; కాబట్టి వరుసగా రెండు రీడింగులు రాని చెరువుకు రిసీవరు పాత అంకెనే చూపిస్తూ ఉండకుండా అలారం మోగించేలా కూడా పెట్టించుకోండి.