గంబూసియా మా బావిలో వేసుకోవచ్చా?

ప్రశ్న: దోమల కోసం మా ఊరి గుంటల్లో గంబూసియా చేపలు వదిలారు. కొన్ని తెచ్చి బావిలో, పొలం పక్క చెరువులో వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బావిలో అయితే వేసుకోండి, చెరువులో మాత్రం వద్దండి. దీని సొంత ఊరు అమెరికా, అక్కడి మిసిసిపీ నది ప్రాంతం. మన దేశానికి 1928లో ఇటలీ మీదుగా తెచ్చారు. ఆడచేప మహా అయితే 7 సెంటీమీటర్లు, మగది ఇంకా చిన్నది. నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి నీటి పైపొరలో తిరుగుతూ దోమ లార్వాలను సులువుగా పట్టేస్తుంది, ఆక్సిజన్ తక్కువున్న మురికి నీళ్లలోనూ బతికేస్తుంది. గుడ్లు పెట్టదు, నెలలోపే కడుపులో పెరిగిన పిల్లల్ని నేరుగా కంటుంది, అదీ పదుల సంఖ్యలో!

టెన్షన్ అక్కడే. చెరువులో పడితే దోమలతో ఆగదు, కప్ప గుడ్లు, తోకకప్పలు, మన పరిగెల పిల్లలు, ఏది దొరికితే అది తింటుంది. ప్రపంచంలోని 100 ప్రమాదకర చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది. వర్షాకాలంలో పొంగి కాలువలో కలిసే గుంటల్లో కూడా వేయకండి, ఒకసారి వెళ్లాక ఏరిపారేయడం ఎవరి తరమూ కాదు.