భాష, చదువు, మీడియా, సమాజం కలిపి పీహెచ్‌డీ: దేవరకొండ తండాల్లో నాకు తెలిసొచ్చినవి

“నల్గొండలో ఎం.ఏ. తెలుగు పూర్తి చేశాను. భాష, విద్య, మీడియా, సమాజం అన్నీ కలిసే అంశం మీద పరిశోధన చేయాలని ఉంది. ఏ శాఖలో చేరాలి? తర్వాత ఉద్యోగం దొరుకుతుందా?” అని అడిగారు.

ఉద్యోగం సంగతి చివర్లో చెప్తాను, అది కాస్త చేదు. నేను తెలుగు శాఖలోనే చేరాను. నా అంశం దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల్లో బడిపిల్లల భాష. నాలుగు శాస్త్రాలు కలపాలని ముందే లెక్కలేసుకొని దిగలేదు. ఒక్క మాట వెంటపడ్డాను, మిగతావి దారిలో తగిలాయి.

ఆ మాట ‘నీళ్లు’. మూడో తరగతిలో వెనక కూర్చొని పాఠం వింటున్నాను. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. తెలుగు పేజీలో ‘నీరు’. ఎదురుగా ‘వాటర్’. సారు నోట ‘నీళ్లు’. ముందు వరసలో ఒక పాప పక్కపిల్ల చెవిలో ‘పాణి’ అంది. ఇంట్లో గోర్‌బోలి మరి, అదే లంబాడీ భాష. బొమ్మలో ఉన్నది ఒకటే కుండ, దానికి ఆ గదిలో నాలుగు పేర్లు. సారు లేపి అడిగితే మాత్రం పాప నోరు మెదపలేదు. బెల్లు కొట్టాక సారే నాతో అన్నాడు, “ఆ పిల్ల కొంచెం డల్లు సార్” అని. చెవిలో చెప్పిన జవాబు ఆయనకు వినపడలేదు, వినపడ్డా లెక్కలోకి వచ్చేది కాదేమో.

ఆ ఉత్సాహంలో ప్రశ్నావళి తయారుచేసి తండాకు పోయాను. మొదటి ప్రశ్న: “మీ మాతృభాష ఏది?” దాదాపు అందరూ ‘తెలుగు’ అనే చెప్పారు. నేను అడిగింది తెలుగులో, చేతిలో కాగితాలు, పక్కన పంచాయతీ కార్యదర్శి. ఇంకేం చెప్తారు? మూడు వారాల పని మట్టిలో పోసినట్లయింది. తర్వాత ఒక రోజు ఒక్కణ్నే పోయి, విత్తనం పల్లికాయ ఒలుస్తున్న ఓ అవ్వ పక్కన కూర్చొని నేనూ ఒలిచాను. గంట గడిచాక “ఇంట్ల ఏం బాస మాట్లాడుతరవ్వా?” అన్నాను. నవ్వింది. “మా బాసే. నీకు సమజు కాదని నీతోని తెలుగు మాట్లాడుతున్న” అంది. ‘మాతృభాష’ అన్న మాటే ఆమెకు కొత్త. నా వేళ్లు బొబ్బలెక్కాయి గానీ, పద్ధతుల మీద కోర్స్‌వర్క్‌లో చెప్పని పాఠం అక్కడ దొరికింది.

జనాభా లెక్కల పట్టికలు చూసినప్పుడు ఇంకో మెలిక కనపడింది. 2011 లెక్కల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు దేశంలో 32 లక్షలకు పైనే. కానీ పట్టికలో వాళ్లను హిందీ కింద చేర్చారు. హిందీ పుస్తకం ఇంకా తెరవని ఆ ముందు వరస పాప, బడిలో తెలుగు పిల్ల, పుస్తకంలో ఇంగ్లిష్ మీడియం పిల్ల, సర్కారు లెక్కలో హిందీ పిల్ల!

మీడియా ఎక్కడొచ్చింది అంటారా? తల్లిదండ్రులు హైదరాబాద్‌లో తాపీపనికి పోతారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వస్తాయి, అన్నీ గోర్‌బోలిలోనే. ఆ భాషకు సొంత లిపి లేదు కాబట్టి టైప్ చేయాల్సి వస్తే తెలుగు అక్షరాల్లోనే కొడతారు: ‘యాడీ, బాటి ఖాదీ?’ లాంటివి. ‘యాడీ’ అంటే అమ్మ, ‘బాటి’ అంటే రొట్టె. బడి గ్రూపులో హోంవర్క్ ఇంగ్లిష్‌లో వస్తుంది, ఎనిమిది చదివే అక్క చదివి చెప్తే తప్ప అవ్వకు తెలియదు. నా థీసిస్‌లో నాకే అన్నిటికంటే నచ్చిన అధ్యాయం ఆ మెసేజ్‌లదే. వాళ్లను అడిగి, ఒప్పుకున్నవే వాడాను, పేర్లు తీసేశాను. మీరూ ఈ పని మర్చిపోవద్దు.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 1918లో ఉస్మానియా ఉర్దూ మీడియంతో మొదలైంది. నాలుగేళ్లకు, 1922లో, నల్గొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెలుగులో వచ్చింది. బడి భాష ఒకటి, ఇంటి భాష ఒకటి, పత్రిక పెట్టడమే ఒక పోరాటం. ఈ నాలుగూ మన దగ్గర అప్పటికే ముడిపడి ఉన్నాయి.

శాఖ విషయానికొస్తే, మీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), జేఆర్‌ఎఫ్ (ఆ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) ఏ సబ్జెక్టులో ఉంటే ఆ శాఖలోనే చేరండి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, బస్సు చార్జీలకు ఒకరి ముందు చేయి చాచక్కర్లేదు. నల్గొండలో మహాత్మా గాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీలు ఉన్నాయి, ఫీల్డుకు దగ్గర. భాషాశాస్త్రం గట్టిగా కావాలంటే ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. విద్యాశాస్త్రం నుంచి కో-గైడ్‌ను మొదట్లోనే అడగండి. నేను మూడో ఏడు అడిగాను, అప్పటికి సగం డేటా వాళ్లకు పనికిరాని తీరులో సేకరించి పెట్టుకున్నాను. మూడేళ్లకు ముందు సబ్మిట్ చేయనివ్వరు, ఆరేళ్లు దాటితే పొడిగింపు కోసం తిరగాలి.

ఇక ఉద్యోగం. ఒక తెలుగు పోస్టు ఇంటర్వ్యూలో “ఇది ఎడ్యుకేషన్ వాళ్లు చేయాల్సింది కదా” అన్నారు. జర్నలిజం పోస్టుకు పెడితే పీజీ ఆ సబ్జెక్టులో లేదని స్క్రూటినీలోనే పక్కన పెట్టారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా, గంటకింత లెక్కన చెప్తున్నాను. అందుకే థీసిస్ టైటిల్లో మీ సబ్జెక్టు పేరు స్పష్టంగా కనపడేలా పెట్టుకోండి, లోపల ఎన్ని శాస్త్రాలు కలిపినా.

దేవరకొండ వైపు వస్తే మాత్రం పత్తి ఏరే రోజుల్లో రావద్దు. ముసలోళ్లు, పసిపిల్లలు తప్ప పగలంతా తండాలో ఎవ్వరూ ఉండరు.