పాత హార్మోనియం, కీబోర్డు పార్సిల్‌లో తెప్పించుకునే ముందు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. అమెరికాకు కొత్త. శనివారం భజనకని పాత హార్మోనియం, ఇంట్లో వాయించుకునేదానికి ఒక కీబోర్డు చూస్తాండా. వేరే రాష్ట్రంలో ఒకాయన రెండూ అమ్ముతా, పార్సిల్ పంపిస్తా అంటాండు. డబ్బులు జెల్‌లో వేయమంటాండు. వేసేదా?

జవాబు: జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే సేవ)లో వేయొద్దు తమ్ముడూ. అది నగదు చేతికిచ్చినట్టే. సరుకు రాలేదని బ్యాంకుకు పోతే, నువ్వే కదా పంపినావు అంటారు. పేపాల్‌లో ‘గూడ్స్ అండ్ సర్వీసెస్’ కింద పంపు. సరుకు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా 180 రోజుల్లోపు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితే ఆ రక్షణ ఉండదు. అమ్మేవాళ్లు అదే అడిగేది తమకు పడే దాదాపు 3 శాతం రుసుము మిగులుతుందని. 200 డాలర్ల మీద అది 6 డాలర్లు. ధరలో కలిపి నువ్వే ఇస్తానను. అప్పటికీ వద్దంటే ఆ బేరం వదిలేయ్.

ధర సంగతి: అమ్మకానికి పెట్టిన రేట్లు చూసి మోసపోవద్దు. ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ అని ఫిల్టర్ పెట్టి, నిజంగా ఎంతకు పోయినాయో చూడు. ప్రకటనలో ‘అన్‌టెస్టెడ్’, ‘యాజ్ ఈజ్’ అని ఉంటే పని చేయదనే లెక్క వేసుకో.

మీ ఊర్లో గీటురాయి మీద గీయకుండా బంగారం కొనరు. ఇక్కడ నీకు గీటురాయి వీడియోనే. ముక్కలు అతికించింది కాదు, ఒకే ఊపులో తీసింది కావాలి. మొదట ఒక కాగితం మీద నీ పేరు, ఆ రోజు తేదీ రాసి వాయిద్యం పక్కన పెట్టి చూపించమను. వస్తువు అతని దగ్గరే ఉందని అప్పుడు తెలుస్తుంది.

హార్మోనియానికి అడగాల్సింది ఇది. స్టాపర్లు (ముందు వైపు లాగే గుండీలు) లాగి, మెట్టు నొక్కకుండానే మోగే డ్రోన్ స్టాపర్లు మాత్రం మూసి ఉంచి, తిత్తి నిండా గాలి కొట్టి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలేయాలి. గాలి కాసేపు నిలబడాలి. రెండు మూడు సెకన్లలోనే తిత్తి కుంగిపోతే ఎక్కడో కారుతోంది. మెట్టు నొక్కకుండానే స్వరం మోగిందంటే ఆ మెట్టు కింది మూత సరిగ్గా కూర్చోవడం లేదు. తర్వాత ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టూ రెండు మూడు సెకన్లు పట్టి వాయించాలి. పలకని మెట్టు, జరజరమనే మెట్టు చాలాసార్లు రీడులో (గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి నాలుకలో) చిక్కిన దుమ్ము వల్లే. పెద్ద జబ్బు కాదు. అదే స్వరం కిందికి జారి పలుకుతుంటే ఇత్తడి నాలుక చిట్లి ఉండొచ్చు, రీడు మార్చాలి. స్కేల్ చేంజర్ (మెట్ల వరుసను పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే రకం) అయితే ఆ వరుసను అన్ని శ్రుతులకూ జరిపి చూపించమను.

కీబోర్డులో 61 మెట్లనూ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కించు. ఒక్కో మెట్టు కింద రబ్బరులో రెండు కాంటాక్టులుంటాయి. రెండూ తగిలే మధ్య పట్టే సమయాన్ని బట్టే శబ్దం ఎక్కువా తక్కువా అవుతుంది. ఒక దానికి దుమ్ము పట్టిందంటే మెట్టు పలకదు, లేదా ఎంత మెల్లగా నొక్కినా అరుస్తుంది. శుభ్రం చేయొచ్చు, కానీ కీబోర్డంతా విప్పాలి. బ్యాటరీ గది మూత తీసి ఫొటో పెట్టమను. స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే బ్యాటరీ కారింది. ఒకటి మర్చిపోవద్దు: తబలా, డోలక్ తాళాలుండే యమహా పీఎస్‌ఆర్-ఐ సిరీస్ మన దేశపు మార్కెట్టు కోసం చేసింది. ఇక్కడ దొరికే పీఎస్‌ఆర్‌లన్నిట్లో అవి ఉంటాయనుకోవద్దు.

చాలా బేరాలు చెడేది ప్యాకింగ్ దగ్గరే. డబ్బు పంపకముందే ఎట్ల కట్టాలో రాసి పంపు, ఒప్పుకున్నట్టు రాతలో జవాబు తీసుకో. వాయిద్యం చుట్టూ అన్ని వైపులా 2 అంగుళాల మెత్త, దాని మీద పెట్టె, ఆ పెట్టె మళ్లీ ఇంకో పెట్టెలో. హార్మోనియం తిత్తి మూసి కొక్కెం వేయాలి. స్కేల్ చేంజర్ మెట్ల వరుస కదలకుండా బిగించాలి, లేకుంటే దారిలో అటూ ఇటూ కొట్టుకుని విరుగుతుంది. కీబోర్డు మెట్ల మీద ఫోమ్ పరిచి, బరువు మెట్ల మీద పడకుండా చూడాలి.

పార్సిల్ ఖర్చు విని ఉలిక్కిపడొద్దు. యూపీఎస్, ఫెడెక్స్ కొరియర్ కంపెనీలు చాలా రేట్లలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 139తో భాగిస్తారు. అసలు బరువు కంటే అది ఎక్కువైతే, దాన్నే పౌండ్ల బరువుగా తీసుకుంటారు. 41, 19, 9 అంగుళాల కీబోర్డు పెట్టె 15 పౌండ్లే తూగినా 51 పౌండ్ల కింద లెక్క కడతారు. ఏ వైపైనా 48 అంగుళాలు దాటితే అదనపు రుసుము. 88 మెట్ల పియానోలు దాదాపు అన్నీ దాటుతాయి. వాటిని కారులో పోయి తెచ్చుకునే దూరంలోనే వెతుక్కో. సరుకు చెడితే యూపీఎస్, ఫెడెక్స్ బాధ్యత మామూలుగా 100 డాలర్ల వరకే, కాబట్టి పూర్తి విలువ ప్రకటించమను.

పెట్టె వచ్చినాక, చలికాలమైతే వెంటనే విప్పి కరెంటు పెట్టొద్దు. రాత్రంతా మంచులో ట్రక్కులో ఉన్న వస్తువుకు ఇంటి వెచ్చదనం తగిలితే లోపల చెమ్మ పడుతుంది. ఒక పూట మూసినట్టే ఉంచి, తర్వాత పైన అంటించిన లేబుల్ నుంచి మొదలుపెట్టి వీడియో తీస్తా విప్పు. విరిగి వస్తే పెట్టె, మెత్తలు పారేయొద్దు. ప్యాకింగ్ సరిగ్గా లేదని కొరియర్ వాళ్లు క్లెయిమ్ కొట్టేయడం మామూలే. ఆ పెట్టె చూపించకపోతే వాదించేదానికి ఏమీ ఉండదు.

రేపు కీబోర్డు ఊరికి తీసుకుపోవాలనుకుంటే అడాప్టర్ మీద అచ్చు చదువు. ‘100-240 వోల్ట్’ అని ఉంటే సరే. ‘120 వోల్ట్’ అని మాత్రమే ఉంటే కడపలో 230 వోల్టుల సాకెట్‌కు పెట్టగానే కాలిపోతుంది. కీబోర్డుకు ఏ మార్పూ అక్కర్లేదు, కీబోర్డుకు ఇచ్చే (అవుట్‌పుట్) వోల్టు అదే, అదే ప్లస్ మైనస్ గుర్తు, అంతకు తగ్గని ఆంపియర్ ఉన్న అడాప్టర్ అక్కడే కొంటే చాలు. పిన్నులో ప్లస్ లోపలుందా బయటుందా అనే గుర్తు మాత్రం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకో. యమహాది క్యాసియోకు పెట్టేయొద్దు.