చెరువులు మాత్రమే కనిపించే మ్యాపు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఒక మాట అడిగావు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే జనమే గీసి అందరికీ ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ మ్యాపులో, మన మండలం చెరువులు ఉంచి మిగతావన్నీ దాచే బటన్ ఎక్కడుందని. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

అలాంటి బటన్ లేదమ్మా. ఆ సైటు తెరవగానే కనిపించేది ముందే గీసి పెట్టిన చదరపు బొమ్మల వరుస. అందులోంచి రోడ్డును విడదీయలేం. నీకు కావలసింది ఆ బొమ్మ వెనక ఉన్న డేటా. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టినప్పటి నుంచి జనం ఎక్కిస్తున్న ప్రతి బడికీ, బావికీ, చెరువుకీ ఒక ట్యాగ్, అంటే అదేమిటో చెప్పే చీటీ ఉంటుంది. ఆ ట్యాగును బట్టే ఏరుకోవాలి. ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నప్పుడు మేం చెరువులు ఒక ట్రేసింగ్ పేపరు మీద, కాలువలు ఇంకో దాని మీద గీసేవాళ్లం. నువ్వు చేయబోయేదీ అదే పని.

ఎడిట్‌లోకి వెళ్లి రోడ్లు డిలీట్ చేస్తే సరిపోదా అన్నావు చూడు, ఆ ఆలోచన మాత్రం పూర్తిగా మానెయ్. అది అందరి మ్యాపు. నువ్వు తీసేస్తే అంబులెన్సు డ్రైవరు ఫోన్లో కూడా ఆ రోడ్డు పోతుంది. ఎడిట్ చేసేటప్పుడు అడ్డంగా అనిపిస్తే పక్కనున్న మ్యాప్ డేటా పలకలో రోడ్ల టిక్కు తీసెయ్. నీ తెర మీద మాత్రమే దాగుతాయి.

ఏరుకోవడానికి ఓవర్‌పాస్ టర్బో అనే సైటు తెరువు. మన మండలం నిండుగా కనిపించేలా జూమ్ చేసి, విజార్డ్ అనే బటన్ నొక్కి, వచ్చిన గడిలో నేచురల్=వాటర్ (నీటి వనరుల ట్యాగ్) అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి రన్ చెయ్. జిల్లా మొత్తం, రాష్ట్రం మొత్తం ఒకేసారి అడగకు. ఆ సర్వర్లను అందరూ ఉచితంగా వాడుకుంటున్నారు, మనం భారం కాకూడదు. వచ్చినదాన్ని జియోజేసన్ అనే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, సొంత మ్యాపులు తయారుచేసుకునే యూమ్యాప్ అనే సైటులో ఒక లేయర్‌గా, అంటే ఒక పొరగా ఎక్కించి రంగు ఇచ్చుకో. కింద బేస్ మ్యాపు లేత రంగులది పెట్టుకో. ఊళ్ల పేర్లు, ఒక పెద్ద రోడ్డు లీలగా కనిపించాలి. అవి కూడా లేకపోతే నీలం మచ్చలు చూసి ఏది ఏ ఊరిదో ఎవరూ పోల్చుకోలేరు.

ఓవర్‌పాస్ టర్బోలో ఏం కావాలో అడిగే రాతను క్వెరీ అంటారు. ఎవరైనా రాసిన క్వెరీ కాపీ చేసుకుంటే ఒకటి గమనించు. అందులో నోడ్ అని మాత్రమే ఉంటే ఒక్క చెరువూ రాకపోవచ్చు. నోడ్ అంటే చుక్క. చెరువును గట్టు చుట్టూ గీతగా గీస్తారు, దాన్ని వే అంటారు. మధ్యలో దీవులున్న పెద్ద చెరువైతే రిలేషన్. మూడూ అడగాలి.

ఇక అసలు సంగతి. ఒకసారి ఇలాగే చెరువుల మ్యాపు ప్రింటు తీసి గ్రామసభకు పట్టుకెళ్లాను. ముసలి నీరటి ఒకాయన దాన్ని కాసేపు చూసి, "సార్, మా కుంట ఏది?" అన్నాడు. మూడు తరాలుగా వాళ్ల ఇంటివాళ్లే దాని తూము తీస్తున్నారు. ఇంటికొచ్చి వెతికితే కుంట డేటాలో ఉంది. ఎవరో ల్యాండ్‌యూజ్=రిజర్వాయర్ అనే పాత ట్యాగుతో ఎక్కించారు, నేనది అడగలేదు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఎంచుకున్నవి మాత్రమే చూపే మ్యాపులో ఖాళీగా ఉన్నచోట ఏమీ లేదనే జనం నమ్ముతారు. అక్కడ నిజంగా లేకపోవచ్చు, ఎవరూ ఎక్కించకపోయి ఉండవచ్చు, నీ ఫిల్టరుకు అందకపోయి ఉండవచ్చు. అందుకని పాత ట్యాగునూ కలిపి అడుగు. తర్వాత శాటిలైట్ ఫోటో పక్కన పెట్టుకుని ఊరూరా సరిచూడు. రెండు సాయంత్రాలు పట్టినా సరే.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. కాకతీయుల కాలం నుంచీ ఈ నేల మీద నీళ్ల లెక్క అదే. చెరువులు మాత్రమే చూపిస్తే ఆ గొలుసు తెగిపోతుంది. వాటర్‌వే=స్ట్రీమ్, వాటర్‌వే=కెనాల్ కూడా తీసుకుని వాగులు, కాలువలు సన్నటి గీతలుగా రెండో లేయర్‌లో పెట్టు. మత్తడికి వాటర్‌వే=వియర్ అనే ట్యాగ్ ఉంది. మన వైపు చాలా మత్తళ్లు ఇంకా ఎక్కలేదు, అవి నువ్వే వెళ్లి చూసి ఎక్కించు. తెలుగు పేరుకు వేరే గడి ఉంటుంది, ఊళ్లో ఎలా పిలుస్తారో అలాగే రాయి. కుంటను కుంట అనే రాయి, చెరువు చెయ్యకు.

నీలం హద్దును చెరువు హద్దు అనుకోవద్దు. ఫోటో తీసిన రోజున నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అంతవరకే ఎవరో గీసి ఉంటారు. ఎండాకాలం ఫోటో అయితే సగం చెరువు కూడా ఉండదు. శిఖం భూముల, అంటే చెరువు లోపలి భూముల తగాదాలో ఎవరైనా ఈ మ్యాపు చూపించమంటే ఇవ్వకు, రెవెన్యూ రికార్డు చూసుకోమని చెప్పు.

ఎక్స్‌పోర్ట్ చేసినది ఆ రోజు కాపీయే, తర్వాత ఎవరు ఏం దిద్దినా అందులోకి రాదు. కాబట్టి మూలన తేదీ వెయ్యి. దాని పక్కన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్ అని తప్పకుండా రాయి. అది లైసెన్సు షరతు, పైగా ముక్కూ మొహం తెలియని ఎందరో కూర్చుని గీస్తేనే కదా మనకు దొరికింది.

దసరాకు వచ్చేటప్పుడు పెద్ద సైజు ప్రింటు ఒకటి, రెండు ఎర్ర స్కెచ్ పెన్నులు తీసుకురా. ఆ నీరటి ఇంటికి వెళ్దాం. ఈసారి ఆయన చేతే గుర్తులు పెట్టిద్దాం.

ఇట్లు,
మామయ్య