ఇన్‌హేలర్ అలవాటైపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. 30 ఏళ్లు సిగరెట్లు కాల్చి, రెండేళ్ల కిందట మానేశారు. మెట్లెక్కితే ఆయాసం. ఊదించి పరీక్ష చేసి సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అన్నారు, రెండు ఇన్‌హేలర్లు రాశారు. అలవాటైపోతుందని భయపడి, మరీ ఊపిరాడనప్పుడే పీలుస్తున్నారు. మాత్రలు సరిపోవా? ఇంటికి ఆక్సిజన్ మిషన్ కొనాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ భయం తీసేద్దాం. ఇన్‌హేలర్ మత్తుమందు కాదమ్మా, అలవాటు కాదు. రోజూ ఎందుకంటే జబ్బు రోజూ ఉంటుంది కాబట్టి. సీఓపీడీలో గాలి గొట్టాలు సన్నబడతాయి, గాలి సంచులు సాగి పట్టు తప్పుతాయి, దాంతో పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాక లోపలే చిక్కుకుపోతుంది, కొత్త గాలికి చోటుండదు. మనిషికేమో గాలి అందట్లేదనిపించి గబగబా ఇంకా లాక్కుంటాడు, ఆయాసం ఇంకా పెరుగుతుంది. అందుకే ఆయాసం వచ్చినప్పుడు ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలమనండి. చాలామందికి తేలికపడుతుంది.

మామూలుగా రెండు రాశారంటే ఒకటి రోజూ వాడేది, 12 లేదా 24 గంటల పాటు పనిచేస్తుంది. రెండోది ఆయాసం వచ్చినప్పుడు వాడేది, నిమిషాల్లో పనిచేసి నాలుగైదు గంటల్లో దిగిపోతుంది. ఏది ఏదో చీటీ చూసి డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

మాత్రల సంగతి. గాలి గొట్టాలను వెడల్పు చేసే సాల్బుటమాల్ మందు ఇన్‌హేలర్‌లో ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అదే మందు మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి చేతులు వణకడం, గుండె దడ. వద్దు.

అసలు చిక్కంతా పీల్చే పద్ధతిలోనే. నొక్కే రకమైతే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, మెల్లగా లోతుగా పీలుస్తూ నొక్కాలి. పొడి రకమైతే మందు సరిగ్గా సిద్ధం చేసుకుని, ఒక్కసారిగా గట్టిగా లాగాలి. ఏదైనా ఆ తర్వాత 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టుకోవచ్చు, అందులో నామోషీ ఏం లేదు. స్టెరాయిడ్ కలిసిన మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నోట్లో తెల్లటి పూత రావచ్చు.

ఆక్సిజన్ మిషన్ మాత్రం మీ అంతట మీరు కొనొద్దు. ఆయాసం ఉన్నంత మాత్రాన ఆక్సిజన్ తగ్గినట్టు కాదు. జబ్బు నిలకడగా ఉన్నప్పుడు, కూర్చుని ఉండగా కూడా వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 88 శాతం, అంతకంటే తక్కువే చూపిస్తుంటే రక్త పరీక్ష చేసి డాక్టర్ చెబుతారు, అప్పుడు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు గానీ, ఈ జబ్బున్న కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి జారిపోతారు.

రోజూ నడిపించండి, ఆయాసం వస్తుందని మంచానికి అతుక్కుపోతే కాళ్లలో బలం పోయి ఆయాసం పెరుగుతుంది. ఫ్లూ, నిమోనియా టీకాల గురించి డాక్టర్‌ని అడగండి. మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా, ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి.

ఈసారి డాక్టర్ దగ్గరికి రెండు ఇన్‌హేలర్లూ తీసుకెళ్లి, ఆయన ముందే నాన్నగారిని పీల్చి చూపించమనండి. మూత తీయకుండానే నొక్కేవాళ్లను నేను చూశాను, నిజంగానే!