ఫ్యాను కొక్కేనికి వేలాడే సంచి

అబ్బాయీ,

దివిసీమ ఉప్పెన మీద నువ్వు రాసిన కథ అందింది. భాష బాగుంది, దస్తూరి ఇంకా బాగుంది. ఇక పొగడ్త ఆపి అసలు సంగతికొస్తాను. రెండో పేజీ నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

"కడలి కన్నెర్ర చేసింది" అన్నావు. "మృత్యుహేల" అన్నావు. "తాటిచెట్టంత అల" అన్నావు. ఆ చివరి మాట సముద్రం ఒడ్డునున్న సొర్లగొందిలోనో పాలకాయతిప్పలోనో బతికి బయటపడ్డవాళ్ళు అంటే నోరెత్తకుండా వింటాను, వాళ్ళ కళ్ళకి అంత ఎత్తునే కనబడింది మరి. ఉప్పెన వచ్చిన 1977లో నువ్వు పుట్టనే లేదు. నీళ్ళు ఓ 5 మీటర్లు లేచాయని తర్వాత లెక్కగట్టారు. తాటాకు గుడిసెకి అందులో సగం చాలు.

నీ కథలో ఉప్పెన వచ్చిన తేదీకి, నవంబరు 19న, పట్నం నుంచి విలేకరి దిగుతాడు. పులిగడ్డలో ఉప్పెన మృతుల స్థూపం దగ్గర ఫొటో తీస్తాడు. ముసలాయన ఏడుస్తాడు, విలేకరీ ఏడుస్తాడు, 10 వేల ప్రాణాలు అని నువ్వో వాక్యం రాసి కథ ముగిస్తావు. ఈ కథ నేను ఏటా చదువుతూనే ఉన్నాను. ఇందులో నీ తప్పు సగమే, మిగతా సగం సంపాదకులది. దీపావళి సంచిక అచ్చుకెళ్ళిందో లేదో "ఉప్పెన మీద ఏమైనా ఉందా" అని కబురు పెడతారు. అదే కథ డిసెంబరులో పంపితే సందర్భం దాటిపోయిందని తిప్పి పంపుతారు. ఒకాయనైతే నా కథ వేసుకుంటూ, కిరసనాయిలు పోసి శవాలు తగలబెట్టే పేరా కొట్టేసి, ఆ జాగాలో అగరుబత్తుల ప్రకటన వేశాడు. పేరు చెప్పను, పోయాడు పాపం.

అది సరే. మూడో పేజీలో నీ చేతికి ఏం చిక్కిందో నీకు తెలుసా? నాయనమ్మ పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్ అన్నీ పాలిథిన్ సంచిలో చుట్టి, శ్లాబుకున్న ఫ్యాను కొక్కేనికి వేలాడదీసింది. అందుకే ఆ గదికి ఫ్యాను లేదు. ఒక్క వాక్యం! రాసేసి, మళ్ళీ ఆ విలేకరి వెంట పడ్డావు.

ఉప్పెన తర్వాత అవనిగడ్డ దగ్గర ఒక శిబిరంలో అర్జీలు రాసే పని దొరికింది నాకు. కథలు రాస్తానని చెప్తే, అక్షరాలు గుండ్రంగా ఉంటే చాలన్నారు. వచ్చేవాళ్ళలో చాలామందికి శవం దొరకలేదు, కార్డు కొట్టుకుపోయింది. తమ మనుషులు ఉండేవాళ్ళని చెప్పడానికి కాగితం ముక్క లేదు. ఒకావిడ పోయిన పిల్లల పేర్లు వరసగా చెప్పుకుంటూ వచ్చి ఆఖరిదాని దగ్గర ఆగింది. చంటిది, ఇంకా పేరు పెట్టలేదు. ఆ గడి ఖాళీగా ఉంటే తీసుకోనన్నాడు గుమస్తా. ఆవిడ అక్కడే, బల్ల ముందు నిలబడి, పేరు పెట్టింది. నేను రాశాను.

మీ నాయనమ్మ సంచి ఎందుకు వేలాడుతోందో చెప్పడానికి విలేకరి ఎందుకు చెప్పు? రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టడం, మదర్ థెరిసా రావడం, అవన్నీ పేపర్లు రాసుకున్నాయి. నీకు మిగిలింది ఇళ్ళలో ఉంది. వయసు అడిగితే "ఉప్పెనకి చంకలో ఉన్నాను" అనేవాళ్ళు, వాయుగుండం అన్న మాట వినబడగానే ముందు వెళ్ళి గొడ్ల పలుపులు విప్పేవాళ్ళు. పేపర్లకి అది నవంబరు 19. ఇంట్లో కార్తీకంలో ఒక తిథి, ఏటా తేదీ మారుతుంది. ఒకే తిథికి వీధి పొడుగునా పెద్దలకి పెట్టుకుంటున్నారంటే, ఆ పూట వీధిలోకి వెళ్ళి చూడు. స్థూపం దగ్గరికి తర్వాత పోవచ్చు.

ఏ పత్రికకి పంపమంటారు, నవలగా పెంచమంటారా అని అడిగావు. ముందు కథ తేలనీ. విలేకరిని తీసెయ్. మే నెల ఉక్కలో, ఆ గదిలో ఫ్యాను బిగిస్తానని కొడుకు నాయనమ్మతో పెట్టుకునే తగువుతో మొదలెట్టు. నవంబరు ఊసెత్తకు.

తిరగరాశాక సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే తెచ్చివ్వు. పోస్టులో వేశావంటే మా కొత్త పోస్ట్‌మ్యాన్ గేటు మీద పెట్టి పోతున్నాడు, పక్కింటి మేక నీ మొదటి పేజీ సగం తినేసింది. ఆ పేజీకి ఆ మేక చేసిన దిద్దుబాటు మాత్రం నాకు నచ్చింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు